గీత పడని గచ్చు

మా తమ్ముడు టైల్స్ పరిచే మేస్త్రీ. నేల మట్టం చూసే పనిముట్టు పేరే పెట్టి, పనివాళ్ళు చాటుగా వాడిని రసమట్టం అంటారు. ఎవరింటికి వెళ్ళినా ముందు నేలను చూస్తాడు, ఆ తర్వాతే మనిషిని. మా పిన్ని పోయినప్పుడు చూడ్డానికెళ్ళి, శవం పక్కన కూర్చునే వేలి కణుపుతో గచ్చు కొట్టి చూసి, "గుల్లగా ఉంది, సిమెంటు ఎగ్గొట్టారు" అన్నాడు. వాడి మీద నాకున్న గౌరవం ఆ పూటతో పోయింది. ఉన్నదే కొంచెం.

అలాంటివాడి చేతిలో పడింది అమ్మకి వృద్ధాశ్రమం వెతికే పని.

అమ్మకి డెబ్భై తొమ్మిదేళ్ళు. ఇంటింటికీ తిరిగి పాలు పోసి మా ఇద్దరినీ పెంచింది. కాళ్ళు గట్టివే, మతిమరుపే ముదిరింది. రెండుసార్లు గ్యాస్ కట్టేయడం మరిచిపోయింది. తమ్ముడూ మరదలూ పగలంతా పనుల మీద ఉంటారు. నాది నాలుగో అంతస్తులో ఒకే ఒక గది, లిఫ్టు లేదు. ఇది సాకు కాదని నేను చెప్పను.

అమ్మ ఒప్పుకుంది. "ఎక్కడైనా వెయ్యండి. నన్ను తిరగనివ్వాలి, అంతే. కూర్చోబెట్టారంటే చచ్చిపోతాను" అంది.

మొదట చూసినది ఒకప్పటి బడి. ఎర్ర సిమెంటు గచ్చు అక్కడక్కడ చిట్లి, నడిచీ నడిచీ మధ్యలో అరిగిపోయి ఉంది. వరండాలో ముసలివాళ్ళు గోడ పట్టుకుని తిరుగుతున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు ఎవరు ముందు పోవాలని వాదులాడుకుంటున్నారు. అమ్మ వాళ్ళ వెనకే ఒక చుట్టు చుట్టి వచ్చి, "బాగుందిరా" అంది. వాడు అప్పటికే స్నానాలగది గుమ్మంలో రసమట్టం పెట్టి, అందులోని బుడగను చూసి ముక్కు విరిచాడు.

"వాలు తప్పింది. నీళ్ళు నిలుస్తాయి."

"నిలిస్తే తుడుస్తాం బాబూ" అంది ఆ ఆశ్రమం నడిపే ఆవిడ. ఆ మాట వాడి చెవికెక్కలేదు.

రెండోది కొత్త భవనం. గుమ్మం దాటగానే వాడి మొహం వెలిగిపోయింది. మన మొహాలు మనకు కనిపించే పెద్ద పెద్ద టైల్స్. గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోయాడు, ఒక్కటీ గుల్ల మోగలేదు. అక్కడి మేనేజరు వాడిని ఇంజనీరనుకుని సార్, సార్ అంటూ వెంట తిరిగాడు. ఎన్నేళ్ళయింది వేసి అంటే, ఆరేళ్ళన్నాడు.

"చూశావా అక్కా, ఆరేళ్ళలో ఒక్క గీత పడలేదు. నేను వేసినా ఇలా ఉండదు."

వాడు ఇంకొకడి పనిని మెచ్చుకోగా నేను వినడం అదే మొదలు. హాల్లో మనుషులు మంచాల మీదా కుర్చీల్లోనూ ఉన్నారు. అమ్మ ఒక ముసలావిడకి తల దువ్వుతున్న ఆయాని అడిగింది.

"వీళ్ళంతా ఎప్పుడు తిరుగుతారమ్మా?"

"కొత్తల్లో తిరుగుతారు పెద్దమ్మా. జారిపడితే మా ఉద్యోగాలు పోతాయి కదా, కూర్చోబెట్టేస్తాం."

అమ్మ వెళ్ళి వాడి భుజం తట్టింది. "ఒరే, ఇక్కడ ఎవరూ నడవట్లేదురా."

"విశ్రాంతికే కదమ్మా వస్తారు" అన్నాడు ఆ మహానుభావుడు, తల ఎత్తకుండానే.

నేను పక్కనే ఉన్నాను. అన్నీ విన్నాను, నోరు మెదపలేదు. ఆ ఆశ్రమం నేను పనిచేసే బట్టలకొట్టుకి రెండు వీధుల అవతలే. వాడికి గచ్చు నచ్చింది, నాకు దారి నచ్చింది.

అక్కడ చేర్చిన మొదటి వారం అమ్మ లేచినప్పుడల్లా ఆయా తెచ్చి కూర్చోబెట్టింది. రెండో వారం కుర్చీకి అడ్డంగా పలక బిగించారు. నేను అడిగితే, "పడితే మీరే గొడవ చేస్తారు" అన్నారు. తమ్ముడికి చెబితే, "పాలిష్ ఎక్కువ కదక్కా, కాస్త జారుతుంది, వాళ్ళ జాగ్రత్త మంచిదే" అన్నాడు. తల్లి కాళ్ళకన్నా పాలిష్‌ను వెనకేసుకొచ్చాడు వెధవ. తిట్టుకుంటూ కొట్టుకి పోయాను.

మూడు నెలలకి ఒక ఆదివారం వాడు తీరిగ్గా వచ్చి, పలక తీయించి, "లే అమ్మా, అలా బయటికి పోదాం" అన్నాడు. అమ్మ చేతులు చాచింది. ఇద్దరం చెరో పక్క పట్టుకుని లేపాం. మోకాళ్ళు నిలవలేదు.

"లేవట్లేదురా" అంది, తప్పంతా తనదే అయినట్టు.

వాడు అమ్మ పాదాలు పట్టుకుని ఏడ్చాడు. ఏడవనీ అనుకున్నాను.

అప్పటికప్పుడు ఇద్దరం ఆటోలో పాత బడికి పోయాం. ఆవిడ మమ్మల్ని గుర్తుపట్టింది. రెండు మంచాలు ఖాళీగా ఉన్నాయంది.

"మీ అమ్మగారు చకచకా తిరిగేవారు కదూ. ఇప్పుడూ అలాగే ఉన్నారా?"

వాడు కిందికి, గచ్చు వైపు చూశాడు. నేనే చెప్పాను.

"మా దగ్గర ఎత్తి దించే మనుషులు లేరమ్మా. నడిచేవాళ్ళనే చేర్చుకుంటాం. అప్పుడే తీసుకురావాల్సింది."

"నెల రోజుల్లో నడిపించి తీసుకొస్తాం" అన్నాడు వాడు.

"తీసుకురండి బాబూ" అంది ఆవిడ. ఆ గొంతులో నమ్మకం లేదు.

తిరిగొచ్చే దారి పొడుగునా వాడిని తిట్టడానికి మాటలు వెతుక్కున్నాను. నాకు తగలకుండా వాడికి మాత్రమే తగిలే మాట ఒక్కటీ దొరకలేదు.