లోకల్ ట్రైన్‌లో ఇచ్చిన ప్లాస్టర్

పవర్ హౌస్ స్టేషన్‌లో రాయ్‌పూర్ లోకల్ ఎక్కాక నా పక్కన కూర్చున్న పెద్దావిడ పేరు నేను అడగలేదు. ఖుర్సీపార్‌లో ఉంటానని మాత్రం చెప్పింది. నా ఒళ్ళోని స్కానింగ్ కవరు చూసి, "ఏటమ్మా, పథరీయా?" అంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడిందనీ, మర్నాడు తీస్తారనీ చెప్పాను.

"నాకూ తీసారు. మత్తిచ్చి, నోట్లోంచి గొట్టం దించి లాగేస్తారు. కోతా లేదు, కుట్టూ లేదు. కష్టమంతా ఇంటికొచ్చాకే."

"ఇంటికొచ్చాక ఏమవుతుంది?"

"చూడ్డానికొచ్చినోళ్ళందరూ ఎక్కడ కోసారో చూపించమంటారు. కోతే లేదని మా అత్త మర్నాడే రొట్టెలు చెయ్యమంది. అప్పుడు నేనే పొట్ట మీద ప్లాస్టరంటించుకున్నాను. ఇంకేటి, వారం రోజులు మంచం దగ్గరికే అన్నం వచ్చింది."

దిగేముందు సంచిలోంచి ప్లాస్టర్ చుట్ట తీసి, జానెడు ముక్క చింపి నా చేతిలో పెట్టింది.

రాయి ఆవిడ చెప్పినంత సులువుగానే వచ్చేసింది. నేను ఇంటికి చేరిన సాయంత్రం సెక్టర్ 2 నుంచి మా ఆడపడుచు యాపిల్ పళ్ళతో వచ్చి, "ఏదీ, ఎక్కడ కోసారు వదినా?" అంది.

ధీమాగా కొంగు పక్కకి తీసి చూపించాను.

"పెద్దదే కోసారు," అని నిట్టూర్చి, గిన్నెలు తోమడానికి తనే లేచింది.