మైకులో నేను తప్పన్న పేరు

ప్రొద్దుటూరులో ఒక బడిలో నేను ఆటల మాస్టరును. ఆటల మాస్టరంటే విజిలు ఊదేవాడనీ, మిగతా మాస్టర్లు సెలవు పెట్టిన రోజు వాళ్ల క్లాసు పిల్లల్ని కాపలా కాసేవాడనీ మా హెడ్మాస్టరు అభిప్రాయం. నాకు ఇంకో పని కూడా ఉంది. తిరునాళ్లలో ఎద్దుల బండలాగుడు పోటీలకు మైకు పట్టుకుంటాను. ఒక జత బండ లాగేసి పక్కకు పోయి, ఇంకో జతకు కాడి కట్టేలోపు జనం ఎండకు విసిగి లేచిపోకుండా ఆటల మీద పొడుపు కథలు వేస్తుంటాను.

"పదకొండు మంది వస్తారు, ఇద్దరే ఆడతారు, తొమ్మిది మంది నీడన కూర్చుంటారు. ఏంది?" అంటే చిన్నపిల్లలు కూడా క్రికెట్ అంటారు. "ఓడినోడు ఆకాశం చూస్తాడు, గెలిచినోడు నేల చూస్తాడు" అంటే కుస్తీ అని చెప్పడానికి ముసలివాళ్లు ఎగబడతారు. చెప్పినవాళ్లకు ఒక తువ్వాలు. తువ్వాలు కోసం మనుషులు ఇంతగా గొంతు చించుకుంటారని మైకు పట్టుకోకముందు నాకు తెలీదు.

మా నాయన ఎద్దులు తోలతాడు. ఆయనవి కావు. జమ్మలమడుగు దగ్గరి ఒక పెద్దాయనవి. పాలపళ్ల వయసు నుంచి ఆ జతను సాకింది మా నాయనే. ఉలవలు ఉడకబెట్టేది, ఒళ్లు తోమేది, పోటీ ముందు నెలంతా ఇసుకలో నడిపించి కాళ్లకు బలం తెచ్చేది ఆయనే. బరిలో చెర్నాకోల పట్టుకున్నా కొట్టింది తక్కువ. ఎడమ పక్క ఎద్దు చెవి దగ్గర ఏదో అంటాడు, అది వంగుతుంది, బండ కదులుతుంది. ఏమంటాడో నాక్కూడా చెప్పలేదు.

కానీ మైకులో వినబడేది పెద్దాయన పేరే. మా దిక్కు పద్ధతి అది. "ఫలానా ఊరు, ఫలానా వారి ఎద్దులు" అంటామే తప్ప తోలేవాడి పేరు ఎత్తం. దీన్ని ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ మర్చిపోరు కూడా. ఒక ఏడు పులివెందుల వైపు వేరేవాళ్ల ఎద్దులు తోలే ఒకాయన పోటీ గెలిచి, సెల్‌ఫోన్‌తో వీడియో తీసేవాళ్ల ముందు సంతోషంలో "నా ఎద్దులు" అన్నాడు. తెల్లారేసరికి కొట్టం దగ్గర వేరే మనిషి నిలబడి ఉన్నాడు. ఆయన ఇప్పుడు ఆటో తోలుతున్నాడు. ఎద్దులున్న వీధిలోకి మాత్రం బాడుగకు పోడట. ఆ సంగతి విన్నప్పటి నుంచి మా నాయన ఇంట్లో మాతో కూడా "పెద్దాయన ఎద్దులు" అనే అనేవాడు.

ముద్దనూరు దగ్గర ఒక ఊళ్లో పోటీ పెట్టారు. ఆ రోజు పెద్దాయనకు సన్మానం. స్టేజీ వెనక ఆయన నిలువెత్తు ఫ్లెక్సీ, దాని మీద "బండలాగుడు లెజెండ్" అని ఎర్రక్షరాలు. కమిటీ మనిషి ఒకాయన నా దగ్గరికొచ్చి, "మాస్టరూ, పెద్దాయన మీద ఒక పొడుపు కథ వెయ్యప్పా. జనమంతా ఆయన పేరు అరవాల. అప్పుడు శాలువా కప్పుదాం," అన్నాడు. నాకు బాగుందనిపించింది. ముందురోజే చెప్పుంటే నిదానంగా రాసుకునేవాణ్ని. అప్పటికప్పుడు అట్టముక్క మీద గీకేసినాను.

మధ్యాహ్నం మూడో జత లాగినాక చదివినాను. "ఎద్దులకు వెనకుంటాడు, పేరులో ముందుంటాడు. బండ కదలకపోతే ఊరంతా ఆయన మొహమే చూస్తుంది. కదిలితే ఆయన ఎద్దుల మొహం చూస్తాడు. ఈ బరిలో లెజెండ్ ఎవరు?"

ఎవరో ఒక ఆడమనిషి ట్రాక్టరు మీద నుంచి మా నాయన పేరు చెప్పింది. వెంటనే ఆ పక్కనోళ్లు. ఆ తర్వాత బరికి రెండు వైపులా తాడు పట్టుకుని నిలబడిన జనమంతా. ఒకటే పేరు, మళ్లీ మళ్లీ. ముప్పై ఏళ్లుగా మైకులో ఒక్కసారీ వినబడని పేరు.

అప్పుడు చూసుకున్నాను నా అట్టముక్కను. పేరు సంగతి తప్ప అందులో ఉన్నదంతా మా నాయనే. పెద్దాయన ఎప్పుడు ఎద్దుల వెనక ఉన్నాడు? ఆయన స్టేజీ మీద కుర్చీలో ఉంటాడు. ఎద్దుల మొహం చూసేది ఎవరో నాకు తెలీదా? గర్వంతో రాసేసినాను, గర్వమని తెలుసుకోకుండా. నా వంటి తెలివితక్కువవాడికి మైకు ఇచ్చినందుకు కమిటీని అనాలి.

స్టేజీ వైపు చూడాలంటే భయమేసింది. చూసినాను. పెద్దాయన నవ్వుతున్నాడు. ఆ నవ్వు జనం మొదలుపెట్టకముందు ఎట్లుందో అట్లే ఉంది, పెరగలేదు, తగ్గలేదు. ఆయన వెనక నిలబడిన ఇద్దరు మనుషులు మాత్రం నవ్వడం లేదు. శాలువా పట్టుకున్న కమిటీ మనిషి దాన్ని మడత పెట్టాలో విప్పాలో తెలియక అట్లే ఉన్నాడు. పులివెందుల ఆటో ఆయనే కళ్ల ముందు మెదిలాడు. రేపు తెల్లారి కొట్టం దగ్గర వేరే మనిషి ఉంటే మా నాయన ఏమవుతాడు? అన్నం తినడు. అది మాత్రం నాకు తెలుసు. వేరే పని చేతకాదని కాదు, ఆ రెండింటినీ వదిలి బతకడం ఆయనకు చేతకాదు.

మా నాయన బరి అడ్డంగా నడిచి వచ్చినాడు. పరిగెత్తలేదు. పరిగెత్తితే భయపడినట్లు తెలుస్తుందని కాబోలు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. నా పక్కకొచ్చి మైకుకు చెయ్యి అడ్డం పెట్టినాడు.

"ఏంరా, ఊరికే నిలబడుకున్నావు. తప్పని చెప్పు."

"తప్పు కాదు గదా నాయనా."

"ఆ ఎద్దుల దిక్కు ఒకసారి చూసి మాట్లాడు."

చూసినాను. వేపచెట్టు కింద రెండూ ఇటే తల తిప్పి ఉన్నాయి, ఆయన యాడికి పోయినాడా అని. మా నాయన మైకుకు అడ్డం పెట్టిన చెయ్యి తీసినాడు.

మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. "తప్పు సమాధానం," అన్నాను. జనం ఆగలేదు. మళ్లీ అన్నాను, గట్టిగా. "తప్పు. ఆ పేరు కాదు. బాగా ఆలోచించి చెప్పండి." అప్పుడు సద్దుమణిగింది. బరి కాడ నుంచి ఎవరో "ఏంది మాస్టరూ, మీ నాయనే గదా," అన్నారు. నేను స్టేజీ వైపు తిరిగినాను. స్టేజీ పక్క నుంచి కమిటీ మనిషి పెద్దాయన పేరు చెప్పినాడు. "సరైన సమాధానం," అన్నాను. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మా నాయన. తలపాగా చంకలో నుంచి జారి కింద పడినా చూసుకోలేదు. తువ్వాలు ఆ కమిటీ మనిషికే ఇచ్చినాము.

తర్వాత మా నాయన జత లాగింది. ఒక్కో రౌండుకు పెద్దాయన పేరు చెప్పినాను, మామూలు కంటే రెండుసార్లు ఎక్కువే. మొదటి బహుమతి వచ్చింది. ఎవరి పేరుతో వచ్చిందో చెప్పనక్కర్లేదు. పోయేటప్పుడు పెద్దాయన కారు అద్దం దించి, "నీ కొడుకు శానా బాగా మాట్లాడతాండాడు," అన్నాడు మా నాయనతో. అద్దం ఎత్తబోతూ, "ఈ ఏటికి నువ్వే తోలు," అన్నాడు. మా నాయన రెండు చేతులూ జోడించినాడు. ఈ ఏటికి అంటే, వచ్చే ఏటికి మాటివ్వలేదని నాకు తెలిసింది. ఆయనకు తెలిసిందో లేదో ఆ దండంలో కనబడలేదు.

ఎద్దుల్ని లారీ ఎక్కించి పంపినాక ఇద్దరం బైకు మీద జమ్మలమడుగు దోవ పట్టినాము. మాపటేళ. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది, అడగలేకపోయినాను. వెనక నుంచి ఆయనే అడిగినాడు.

"ఎంతమంది అన్నారురా, నా పేరు?"

నాకు గుండె తేలికపడింది. పోనీ, ఆ మాత్రం సంతోషమన్నా మిగిలింది అనుకున్నాను. "అందరూ, నాయనా," అన్నాను. "ఒక్కరు కూడా వేరే పేరు చెప్పలేదు."

నా భుజం మీదున్న చెయ్యి బిగుసుకుంది.

"ఎవురన్నా అడిగితే పదిమందే అన్నారని చెప్పు," అన్నాడు. "తాగినోళ్లని చెప్పు."

సరేనన్నాను. అడిగిన వాళ్లకు అట్లే చెప్పినాను కూడా, బళ్లో, బజారులో, చివరికి మా ఇంటిదానితో. నిజం ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను. ఆయన పేరు మాత్రం ఇందులోనూ రాయలేదు. ఆయన ఇంకా ఆ ఎద్దుల్నే తోలుతున్నాడు.