దాహమడిగిన సారమ్మత్త

మా పోర్టు ఆఫీసులో నీళ్ళ క్యాను బోర్లించినప్పుడల్లా గుడగుడమని చప్పుడొస్తుంది. అది వింటే నా చేతిలో పని ఆగిపోతుంది. జాలరిపేటలో మా పక్కింటి సారమ్మత్త నీళ్ళు తాగితే గొంతులోంచి అచ్చం అలాగే వినబడేది. వీధి చివరికి వినిపించేలా తాగి, కొంగుతో మూతి తుడుచుకునేది. "ఏం తాగుడే తల్లీ!" అని మా అమ్మ నవ్వేది. చర్చిలో ఇద్దరిదీ ఒకే చాప.

నేను ఇంటర్ చదువుతుండగా అమ్మ జ్వరంతో పోయింది. బతికించమని మోకాళ్ళ మీద ఎంత వేడుకున్నానో నాకే తెలుసు. దేవుడు వినలేదని కోపమొచ్చింది. చర్చి మానేశాను, కాలేజీ మానేశాను, గోడవైపు తిరిగి పడుకోవడమే పని. నాన్న చేపల వేటకెళ్ళొచ్చి, ఇంత తిని పడుకునేవాడు. చర్చి ఆడవాళ్ళు కూరలు తెచ్చారు, పాస్టరుగారు వాక్యం చదివారు. అందరూ ఏదో ఒకటి ఇవ్వడానికే వచ్చారు. నాకేమీ అక్కర్లేకపోయింది.

సారమ్మత్త ఒక్కతే అడగడానికొచ్చింది. పూర్ణా మార్కెట్లో చేపలమ్మి, ఖాళీ తట్టతో ఎండనపడి వచ్చి, తన గుమ్మం దాటి మా గుమ్మంలో కూలబడింది.

"గుంటా, దాహమేత్తంది. కాసిన్ని నీళ్ళియ్యే."

"మీ ఇంట్లో లేవా అత్తా?"

"ఉన్నాయి. నాకు నీ సేతి నీళ్ళు కావాల."

విసుక్కుంటూ లేచి చూస్తే మా బిందె ఖాళీ. పోనీ తనే పట్టుకొస్తుందేమోనని చూశాను. కదిలితేగా! తిట్టుకుంటూ కుళాయికి పోయి తెచ్చాను. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. రానురాను ఆమె వచ్చే వేళకు మొహం కడుక్కోవడం, వాకిలి ఊడ్చి బిందె నింపి పెట్టడం అలవాటయింది.

"నా మీద జాలితోనే కదా ఇదంతా?" అని ఓ రోజు నిలదీశాను.

"ఏసయ్య బావికాడ కూకుని, ఆ సమరయ ఆడమడిసిని ముందు దాహమడిగినాడే. జీవజలం సంగతి ఆ తరవాత సెప్పినాడు. రాగానే ప్రసంగం ఎత్తుకునుంటే ఆవిడ కడవట్టుకుని ఎల్లిపోయేది."

"నాకు ఆయన మీద ఇంకా కోపమే."

"ఉండనీ. ఆయనేటి సిన్నపిల్లడా, అలిగి కూకోడానికి? గలాసు తే."

ఫక్కున నవ్వాను. అమ్మ పోయాక నేను నవ్వడం అదే మొదలు. ఆ ఆదివారం చర్చిలో అమ్మ చోట, అత్త పక్కన కూర్చున్నాను. పాట అందుకోబోతే ఏడుపొచ్చింది. అదీ ప్రార్థనే అనిపించింది.

మొన్న వేసవిలో అత్తకు పక్షవాతమొచ్చి మింగుడు పడకుండా పోయింది. చుక్క నీరు కూడా పోయొద్దని ఆసుపత్రిలో చెప్పారు. తడి దూదితో పెదాలు అద్దడమే. ఆమె చూపంతా నా చేతిలోని గ్లాసు మీదే ఉంది. ఇన్నేళ్ళూ నన్ను అడిగి తాగిన మనిషికి ఒక్క గుక్క ఇవ్వలేకపోయాను.

"నువ్వు తాగే. నాను సూత్తాను," అంది ముద్దమాటతో.

ఆమె చూస్తుండగా గ్లాసెడూ తాగాను. తృప్తిగా కళ్ళు మూసుకుంది. మర్నాటికి ఆమె లేదు.

ఇప్పుడు మా గుమ్మంలో కూలబడి నీళ్ళడిగేవాళ్ళు లేరు. ఎవరి సీసా వాళ్ళ సంచిలో ఉంటుంది. ఒక్కసారి ఆ గొంతు విందామని మనసు కొట్టుకుంటుంది. ప్రార్థనలో అందరూ దేవుణ్ణి ఏదో ఒకటి అడుగుతారు, నేనూ అడుగుతాను. అడగడం అయిపోయాక మాత్రం వెంటనే లేవను. ఆయన నన్నేమైనా అడుగుతాడేమోనని కాసేపు అలాగే కూర్చుంటాను.