ఆఖరి బెంచీలో అత్తయ్య

మా పాప నాటకానికి అట్టరెక్కలు అతికిస్తుంటే, ఉడికిన మైదా జిగురు వాసనకి చిన్నప్పుడు రాజోలు చర్చిలో వేసిన మా క్రిస్మస్ నాటకం గుర్తొచ్చింది. నేనే దేవదూతని! తెల్లగౌను, మెరుపుకాగితం రెక్కలు. కాళ్ళు నేలమీద నిలిస్తేనా!

తెర పడగానే అందరూ "అదిరిపోయిందండీ" అన్నారు. నాన్నగారి అక్క సుగుణత్తయ్య మాత్రం, "రెక్కలాడిస్తుంటే నిజంగా ఎగిరిపోతావేమో అనిపించిందే! మాటలే ఆఖరి బెంచీదాకా రాలేదమ్మా," అంది.

అమ్మ మూతి ముడిచింది. "మెచ్చుకున్నట్టా, వంకపెట్టినట్టా? ఏదో ఒకటి చెప్పొచ్చు కదా వదినగారూ!"

"ఆయ్, రెండూ నిజమేనండీ."

రెండోదే అసలు మాట, మొదటిది పైపూత అని నేను తేల్చేశాను. అత్తయ్యకి నేనంటే కుళ్ళు!

కొత్త సంవత్సరం రోజు సాయంత్రం మళ్ళీ ఆడాం. ముందు వరస ఖాళీగా ఉన్నా అత్తయ్య వెళ్ళి ఆఖరి బెంచీలోనే కూర్చుంది. ఉక్రోషం పొంగుకొచ్చి, "ఎవరూ భయపడకండి!" అన్న దేవదూత మాటని గొంతు చించుకుని అరిచాను. వెనక నుంచి అత్తయ్య చెయ్యి పైకి లేచింది.

"వినపడిందే తల్లీ!"

చర్చంతా నవ్వులు, చప్పట్లు!

"అదిరిపోయింది" అన్నవాళ్ళు ఆ రోజూ అదే మాట అన్నారు. ఎవరెవరన్నారో ఇప్పుడు ఒక్కరూ గుర్తులేరు. నేను ఎగిరిపోతానేమో అన్న మనిషి మాత్రం గుర్తుంది. ఆ మాట నిజమేనని ఆ చెయ్యి లేచాకే నమ్మాను.