ప్రెషర్ వాషర్, అమ్మ పేరు

మిరపకాయలు గుంటూరు యార్డుకి తోలేశాక, ఈ సాయంత్రం ట్రాక్టర్ ట్రక్కు కడుగుదామని కొత్త ప్రెషర్ వాషర్ బయటికి తీశాను. దాని నీళ్ల వేగాన్ని ఫోన్‌లోనే పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. నా రెండు చేతులూ నీళ్లు చిమ్మే గన్ను పట్టుకోవడానికే సరిపోయాయి కాబట్టి, ఏది నొక్కాలో చూపించి ఫోన్ అమ్మకిచ్చాను.

"పెంచమ్మా" అన్నాను. పెంచింది. ఎండిన బురద పెచ్చులుగా ఊడిపోతుంటే నాకు హుషారొచ్చి ట్రక్కు వెనకవైపుకి తిరిగాను. అంతే, ధార ఒక్కసారిగా మెత్తబడిపోయింది.

"ఏంటమ్మా, తగ్గించావు?"

"ఆ బురద కింద మీ నాన్న రాసిన నా పేరుందిరా! రంగు లేచిపోద్ది."

నేను మర్చేపోయాను. ట్రక్కు కొన్నప్పుడు నాన్న పెయింటర్‌ని పిలవకుండా తనే కుంచె పట్టుకుని రాశాడు. ఇప్పుడాయన లేడు. సన్నటి ధారతో తడిపి, వేళ్లతో మెల్లగా రుద్దితే 'సామ్రాజ్యం' అని బయటపడింది. ఒక్క అక్షరం కూడా చెదరలేదు.

అమ్మ దగ్గరికొచ్చి చూసి, "ఎంత వంకరగా రాశాడో చూడు" అని చాలాసేపు నవ్వింది.

మా ఇంట్లో ప్రెషర్ ఇకనుంచి అమ్మ చేతిలోనే. మీ ఇంట్లో ఎవరి చేతిలో ఉందో నిజం చెప్పండి!