చదవకుండా పెట్టిన సంతకం

నమ్మకపోతే మానండి. ఇచ్చిన ప్రతి అర్జీకీ రసీదు అడిగి దాచుకునే మనిషిని నేను. కథలు అల్లడం నాకు రాదు. ఇది జరిగింది. మెదక్‌లో, మా ఇంటి వెనకే.

బోరు మోటార్లు బాగుచేసే షాపు నాది. నిరుడు మా వెనక గోడ పక్క నుంచే గ్యాస్ పైపు వేశారు. నడుము లోతు తవ్వాలని వాళ్ల మేస్త్రీయే చెప్పాడు. తవ్వింది మోకాలి లోతు. గోడకు ఇవతల మా అమ్మ మంచం.

సోమవారం సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లాను. ఆరు అర్జీలు. ఆరింటికీ ఒకటే జవాబు... ‘స్థలం పరిశీలించి ముగించడమైనది.’ ఎవరొచ్చారు? ఏం పరిశీలించారు? అడిగితే ఆ పైపు పని చూసే ఇంజనీరు నలుగురి ముందు నవ్వాడు.

“ఏం పెద్దమనిషీ, మోటార్లు కాలుతలేవా? ఇగ గిక్కడ్నే దుకాణం పెట్టు.”

అప్పుడు ఆయన చేతిలో సగం తిన్న సమోసా ఉంది. అదీ గుర్తుంది నాకు.

ఏడో అర్జీ కూడా రాశాను. అందులో అమ్మ సంగతి రాశాను. ఒకసారి జ్వరం వచ్చి తగ్గాక ఆమెకు వాసన తెలియకుండా పోయింది. గ్యాస్ లీకైతే ముందు పట్టించేది వాసనే కదా... కానీ మా అమ్మ లోటును ఆ నవ్వే మనిషి చేతిలో పెట్టబుద్ధి కాలేదు. చించి పొయ్యిలో వేశాను. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం పైపులో గ్యాస్ వదులుతామన్నారు. అంతకుముందు శనివారం రాత్రి...

టక్... టక్... ఇనుప చువ్వ నేలలో దిగుతున్న చప్పుడు. వెనక తలుపు తీశాను. ఖాకీ చొక్కా, చంకలో ఫైలు. టార్చి లేదు. చీకట్లోనే చువ్వ దించుతున్నాడు, తీస్తున్నాడు, జానతో కొలుస్తున్నాడు.

“ఎవలు?”

“చెకింగ్.”

“గీ యాళ్లనా? పగటీలి మీ సార్లకు పుర్సత్ దొరకలేదా?”

“మీ అర్జీలు సదివిన అన్నా. ఏడు.”

“ఆరు,” అన్నాను.

చువ్వ ఆగింది.

“ఏడు,” అన్నాడు నెమ్మదిగా. “అమ్మకు వాసన తెల్వదని రాసిండ్రు గదా...”

ఆ కాగితం బూడిదై వారం దాటింది. కానీ నిజం చెప్పాలి... భయం కంటే ముందు ఇంకోటి అనిపించింది. చదివాడు. ఒక్కడైనా చదివాడు.

“పంచనామా. సంతకం పెట్టుండ్రి,” అని ఫైలు చాపాడు.

చీకట్లో అక్షరం కనబడలేదు. అయినా పెట్టాను. నా జన్మలో చదవకుండా పెట్టిన సంతకం అదొక్కటే.

“ఎవలు బిడ్డా?” లోపల్నుంచి అమ్మ పిలిచింది. అటు తిరిగి, మళ్లీ ఇటు చూశాను...

ఎవరూ లేరు.

తెల్లారి చూస్తే గోడ పొడవునా మూడు సన్నని బెజ్జాలు. ముందురోజు సాయంత్రం వాన కురిసిన మట్టి అది. అందులో ఉన్నవి నా చెప్పుల గుర్తులే.

సోమవారం ఇంజనీరు నవ్వలేదు. ఫైలు నా ముందుకు తోశాడు. పంచనామా. ‘లోతు మోకాలి వరకే. గోడ పక్కన వృద్ధురాలు. ఆమెకు వాసన తెలియదు.’ కింద నా సంతకం. తనిఖీ చేసినవారి చోట ఖాళీ.

“ఎవనితోటి రాయించినవ్?”

“మీరు పంపిన మనిషే గదా సార్.”

“మేమెవర్ని పంపలే. గిది ఫైల్లకు ఎట్లొచ్చిందో తెల్వదు. పెద్దసారు సూసి గ్యాస్ ఆపుమన్నడు.” చెమట తుడుచుకున్నాడు.

పైపు మళ్లీ తవ్వి లోతుగా వేశారు, ఈసారి నేను టేపు పట్టుకుని నిలబడితే. ఆ రాత్రి వచ్చిందెవరని సమాచార హక్కు కింద అడిగాను. ‘సమాచారం లేదు’ అని వచ్చింది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే.

ఎవరో, ఏమిటో ఇప్పటికీ తెలియదు. నన్ను నిలబెట్టి మాట్లాడినవాళ్ల పేర్లన్నీ గుర్తుంచుకున్న మనిషిని నేను. ఆయన్ని ఆ వానమట్టిలో నిలబెట్టే మాట్లాడాను. జర కూసోండ్రి అనలేదు. నీళ్లు తాగుతారా అని కూడా అడగలేదు...