మస్తాన్‌బీ నాలుగో ఎత్తు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, జూన్‌లో, పొదిలి దగ్గర ఒక హైస్కూలుకు బదిలీ మీద వెళ్లాను. హోదా పీఈటీ, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడు. నా ఆట కబడ్డీ. హెడ్మాస్టరు గారు చదరంగం కూడా నా నెత్తిన పెట్టారు. కూర్చుని ఆడేది వ్యాయామం ఎలా అవుతుందండీ అంటే, ఆటల జాబితాలో ఉందిగా మాస్టారూ అన్నారు.

అండర్-14 బాలికల్లో జోన్ పోటీలకు మండలం నుంచి ఒక్కరినే పంపుతారు. మా ఆశంతా ఎనిమిదో తరగతి మస్తాన్‌బీ మీదే. వయసు రీత్యా తనకు అదే ఆఖరి ఏడు. వెళ్లి తీరాలని పట్టుదల. బాగా ఆడేది, కానీ ఒకటే జబ్బు. ఎదుటివాళ్లు మొదట్లోనే మంత్రిని బయటికి తెస్తే లెక్కచేసేది కాదు. రాజు వైపు శకటు ముందున్న బంటుకు రాజు తప్ప కాపలా లేదు. మంత్రి, ఐమూలగా నడిచే శకటు కలిసి దాని మీద పడితే నాలుగో ఎత్తుకే ఆటకట్టు. విరుగుడు తేలికే. ఒక గుర్రంతో నడిమి బంటును కాచుకుని, రెండో గుర్రం ముందున్న బంటును ఒక గడి జరిపితే మంత్రి వెనక్కి పోవలసిందే.

ఎన్నిసార్లు చెప్పానో! మూడో ఎత్తుకు ఆ పిల్ల బంటును వదిలేసి తాపీగా రెండో గుర్రాన్ని దూకించేది. నాకు ఒళ్లు మండేది. "మళ్లీ అదే! పోయింది ఆట, పావులు సర్దు" అని అక్కడే ఆపేసేవాణ్ణి. "అది కాదు సార్..." అనబోతే "మాట్లాడకుండా మొదట్నించీ పెట్టు" అని కసిరేవాణ్ణి.

సెలక్షన్ చివరి ఆటలో ఎదుటి అమ్మాయి సరిగ్గా అదే పన్నాగం పన్నింది. మస్తాన్‌బీ అదే గుర్రాన్ని దూకించింది. మంత్రి వచ్చి బంటును కొట్టింది. నేను తల పట్టుకున్నాను. మా పిల్ల ఏమాత్రం బెదరకుండా రాజును గుర్రంలా దూకించి, తన ఎత్తు అయిపోయిందన్నట్టు బల్ల మీది ఆట గడియారం నొక్కింది! ఆట నిర్ణేత, అంటే ఆర్బిటర్, ఆ ఎత్తు చెల్లదని చెప్పి ఆటకట్టు రాసేశారు.

బయటికొచ్చాక ఇదెక్కడి ఆటే అని అరిచాను.

"మా తాతతో ఆడేటప్పుడు రాజు ఒకసారి గుర్రం మాదిరి దూకొచ్చు సార్. ఆట నేర్పించింది తాతే."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు నాలుగో ఎత్తు ఎప్పుడన్నా ఎయ్యనిచ్చారా సార్?" అని ఏడ్చేసింది.

పాత నాటు ఆటలో అలాంటి పద్ధతి ఉందని తర్వాత తెలిసింది. జోన్‌కు వేరే స్కూలు పిల్ల వెళ్లింది. మిగిలిన సర్వీసులో ఏ ఆటలోనూ పిల్లల తప్పును మధ్యలో ఆపలేదు. పూర్తిగా చెయ్యనిచ్చి, ఎందుకలా చేశావని అడిగాకే దిద్దాను. ఆ మేలు మస్తాన్‌బీకి మాత్రం అందలేదు.